ముప్పై నాలుగో నంబరు

అద్దెకు తెచ్చుకున్న ఇల్లు.
ఎడమ చక్రం కింద ఒక చెక్క,
దాని మీద ఇంకో చెక్క, ఆ పైన సగం చెక్క.
నేల మీద బోర్లా పడుకుని
"ఇప్పుడో?" అని అరుస్తాడు భానోజీ.
లోపల వంటగట్టు మీద రసమట్టం పెట్టి
ఆకుపచ్చ బుడగని చూస్తుంటాను.
ఎన్ని చెక్కలు పెట్టినా
అది నదికి ఎడంగానే జరుగుతుంది.

నడుముకి తాళాలగుత్తితో డార్లీన్ వచ్చింది.
ఈ పార్కులో మరుగుదొడ్లు కడిగి
నెగళ్లలో బూడిద ఎత్తి
అద్దె లేకుండా ఒక మూల ఉండే మనిషి.
ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసిన చేతులు,
చూపుడువేలికి గోరు లేదు.
"పడుకుంటే తల కిందికి జారకపోతే చాలమ్మా" అంది.
చక్రాన్ని ఒకసారి తన్ని చూసి వెళ్లింది.

మెరమెక్ అప్పుడు మోకాలి లోతు,
తేరుకున్న పెసరకట్టు రంగు.
సికమోర్ చెట్లు బెరడు పొలుసులు రాలుస్తున్నాయి.
ఈహ గులకరాళ్లు ఏరి వరసలు కలిపింది.
ఇది అత్త, ఇది అత్త ఆడపడుచు,
ఈ చారలది ఇంకా పెళ్లికాని పిన్ని.
అందరినీ ఒడ్డునే వరసగా పడుకోబెట్టింది.

పక్క నంబరులో బస్సంత బంగళా.
ముందు ప్లాస్టిక్ గడ్డి, దాని మీద రెండు కుర్చీలు,
"హాలరన్ వారు" అని చెక్కించిన పలక.
మాది చిన్న ప్రాణం.
ఏసీ ఊపిరి పీలిస్తే రైస్ కుక్కర్ ఆగాలి.
అందుకే కుక్కర్ని బయట బల్ల మీదికి మార్చాను,
కరెంటు స్తంభానికి నేరుగా తగిలించి.
పొద్దున్నే నొక్కితే చాలని
రెండు గ్లాసుల బియ్యం కడిగి పోసి, మూత పెట్టి పడుకున్నాను.

వాన మా మీద పడలేదు.
ఎగువన ఎక్కడో, ఎవరి మీదో పడింది.
రాత్రి రెండింటికి తలుపు మీద టార్చి కొట్టిన చప్పుడు.
"నది లేచింది, లేవండి!
పై వరసకి ఎక్కండి!"

కరెంటు తాడు, నీళ్ల గొట్టం,
పేరు ఎత్తకూడని ఆ మూడో గొట్టం
అన్నీ చీకట్లో తడుముకుంటూ విప్పాం.
పక్కకి పొడుచుకొచ్చిన గది
తాబేలు తల లాగా మూలుగుతూ లోపలికొచ్చింది.
చెక్కల కోసం వంగిన భానోజీని
డార్లీన్ చొక్కా పట్టి లేపింది.
అరల తలుపులు తెరుచుకుని
చింతకాయ పచ్చడి సీసా
మంచం దాకా దొర్లుకుంటూ వచ్చి ఆగింది.
టార్చి ఊపుతూ ఆమె వెనక్కి వెనక్కి నడుస్తోంది,
చంకలో హాలరన్ వారి పలక.
గడ్డి చాప ఎవరూ తలుచుకోలేదు.

తెల్లారి గట్టు మీంచి చూస్తే
రాగిజావ.
అందులో ముప్పై నాలుగు అంకె ఒక్కటే తేలి ఉంది.
గొలుసు వేసిన బల్ల
కట్టుగొయ్య దగ్గర గేదె లాగా గుంజుకుంటోంది.
దాని మీద ఏమీ లేదు.
"అత్తావాళ్లో?" అంది ఈహ.
ఊరెళ్లారన్నాను.
"చెప్పకుండానా?"

డార్లీన్ అట్టపుస్తకం తీసి
ముప్పై నాలుగు చెరిపి డెబ్బై ఒకటి రాసింది.
రబ్బరు పొట్టు ఉఫ్ మని ఊది,
పెన్సిలు చెవి మీద దోపుకుని
మరుగుదొడ్లు కడగడానికి వెళ్లిపోయింది.
రాత్రి సంగతి ఎత్తనే లేదు.

ఇక్కడ నేల ఏటవాలు. చెక్కలు లేవు.
స్టవ్ మీది గిన్నెలో ఎసరు
ఒక పక్కకి ఒరిగి మరిగింది.
సొరుగులో రసమట్టం ఉంది, తియ్యలేదు.
అన్నం ఇటు పలుకు, అటు ముద్ద.
పలుకు వైపు భానోజీ తిన్నాడు,
మెత్తటి వైపు ఈహ.
నడిమిది నేను వడ్డించుకున్నాను,
పచ్చడి సీసా ఒళ్లో పెట్టుకుని,
దొర్లిపోకుండా.